మల్లవీరుడు ఖాషాబా జాదవ్

మన తెలుగునేలను సస్యశ్యామల మొనర్చు కృష్ణానది మహాబలేశ్వరమున జనించి, మహారాష్ట్రదేశమున సాతారా జిల్లాలోని కరాడు పట్టణమువద్ద కొయినానదిని తనలో కలుపుకొని ముందునకు సాగును. ఆ సంగమమునకు చేరువలో గోలేశ్వర్ అను చిన్న పల్లె కలదు. 1926వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఆ పల్లెలో ఖాషాబా జాదవ్ జన్మించెను. తండ్రి దాదాసాహెబ్ కుస్తీలో పేరొందినవాడు. ఆయన ఐదుగురు కుమారులలో ఖాషాబా కడగొట్టువాడు. తోడి బాలురు పలక పట్టుట నేర్చుకొను ఐదేండ్ల ప్రాయమున తండ్రి ఇతనిని గోదాలో దింపి పట్లు నేర్ప నారంభించెను. తండ్రియే తొలి వస్తాదు.

కుస్తీపోటీలను చూచినవారు పెక్కురు గలరు. తాలీంఖానాను చూచినవారు కొలదిమందియే. పోటీలో కనబడునది ఇరువురి పోరాటము. తాలీంఖానాలో కనబడునది పదిమంది కూడిక. తెల్లవారకముందే యువకులు లేచి, పారలతో గోదామట్టిని త్రవ్వి, గడ్డలు చిదిపి, చదును చేయుదురు. ఆ ఎఱ్ఱమట్టిలో నూనెయు, మజ్జిగయు, పసుపును కలుపుదురు. పడినవాని ఒడలు నొచ్చకుండుటకును, చర్మరోగములు సోకకుండుటకును ఈ జాగ్రత్త. ఒకడు త్రవ్విన మట్టిపై ఇంకొకడు పడును. కావున ఎవడును ఆ పనిలో సోమరితనము చూపరాదు. పిదప దండీలు, బస్కీలు. ఆ తరువాత జోడు కట్టి పట్లు సాధన చేయుదురు. సాధన ముగిసిన వెనుక ఒకరి ఒడలికి ఒకరు నూనె మర్దించుకొందురు. ఉదయమున ఎవనిని క్రింద పడవేసెనో, సాయంకాలమున వాని వీపునకే నూనె రాయవలసియుండును.

పరుగు ఒంటరిగా నేర్చుకొనవచ్చును; ఈతయు ఒంటరిగా సాధింపవచ్చును. పట్టు మాత్రము ఒంటరిగా అలవడదు. పట్టుటకు ఇంకొక దేహము కావలెను. తనను పడవేయ యత్నించు చెలికాడు లేనిదే మల్లుడు తయారు కాడు. ఆ చెలికాడు మెత్తబడినచో తన విద్యయు మెత్తబడును. కావుననే గోదాలో స్నేహితుడు ఎంతటి దగ్గఱివాడయినను చేయి సడలింపడు.

అట్లని తాలీంఖానాలు మునుల యాశ్రమములని తలంపరాదు. ఒక పేట యువకులకు మఱియొక పేటవారన్న గిట్టదు. జాతరలలో జోడు కుదుర్చుకడనే తగవు మొదలగును. మావాడు చిన్నవాడనియు, మీవాడు బరువైనవాడనియు ఒకరందురు. బహుమానము చాలదని మఱియొకరందురు. వస్తాదుల పంతములు శిష్యులకు సంక్రమించును. కొన్నియెడల కుస్తీ గోదాలో ముగిసినను వీథిలో ముగియదు. అయినను మట్టికుస్తీకి ఒక గొప్ప మేలు కలదు. అందు గెలుపోటములను గూర్చి వాదమునకు తావు తక్కువ. ప్రత్యర్థి వీపు నేలకు తాకినచో గెలుపు; తాకనిచో లేదు. చుట్టును కూర్చున్న వేలకొలది జనులు దానిని తమ కన్నులతో చూతురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ఖాషాబా జీవితమున దీనితో పని గలదు.

ఈ విద్యకు కొల్హాపురము రాజధానివంటిది. 1894 మొదలు 1922 వఱకు ఆ సంస్థానమునేలిన శాహూ మహారాజు స్వయముగా కుస్తీ నెఱిగినవాడు. దూరదేశములనుండి మల్లులను రప్పించి పోషించెను. పేటపేటకును తాలీంఖానాల నిలిపెను. ఖాస్‌బాగ్ అను పేర వేలకొలది ప్రజలు కూర్చుండి చూచుటకు వీలగు గుండ్రని మైదానమును కట్టించెను. పల్లెలలోని బీదయింటి బాలుడును కొల్హాపురము చేరినచో పట్టెడన్నమును, వస్తాదును దొరకునన్న నమ్మకము ఆ కాలమున ఏర్పడెను. ఖాషాబా పెరిగినది ఆ గాలిలో.

1940 మొదలు 1947 వఱకు ఖాషాబా కరాడులోని తిలక్ ఉన్నత పాఠశాలలో చదివెను. అవి స్వాతంత్ర్యసమరపు తుదిదినములు. 1942వ సంవత్సరపు క్విట్ ఇండియా ఉద్యమము సాతారా జిల్లాలో అగ్నివలె వ్యాపించెను. నానా పాటిల్ నాయకత్వమున అచట ప్రజలు తమ సొంత ప్రభుత్వమునే నడపిరి. పాఠశాల విద్యార్థియగు ఖాషాబా అజ్ఞాతవాసులగు దేశభక్తులకు దాగుటకు చోటు చూపుచు, రహస్యపత్రములను అందజేయుచు తనకు చేతనయిన సాయము చేసెను. 1947 ఆగస్టు 15వ తేదీన దేశము స్వతంత్రమైనప్పుడు, ఒలింపిక్ క్రీడలలో మన త్రివర్ణపతాకము నెగురవేయవలెనని అతడు సంకల్పించుకొనెను. అప్పటి కతనికి ఇరువదియొక యేండ్లు.

ఉన్నత విద్యకై అతడు కొల్హాపురమునందలి రాజారామ్ కళాశాలలో చేరెను. బాబూరావు బలవడే, బేలాపురీ గురూజీ అను వస్తాదులవద్ద సాధన సాగించెను. ఖాషాబా ఆజానుబాహుడు కాడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళములు మాత్రమే. కళాశాల వార్షిక క్రీడోత్సవమున కుస్తీపోటీకి పేరు నమోదు చేయుమని క్రీడోపాధ్యాయు నడుగగా, ఆయన ఇతని సన్నని దేహమును చూచి నిరాకరించెను. పెద్ద మల్లుల చేతిలో కుఱ్ఱవాడు గాయపడునని ఆయన భయము కాబోలు. ఖాషాబా వాదులాడక, తిన్నగా ప్రధానాచార్యుని కడకు పోయి అనుమతి వేడుకొనెను. ఆయన అంగీకరించెను. పోటీలో తనకంటె పొడగరులను, బరువైనవారిని ఒకరివెంట నొకరిని ఖాషాబా పడవేయుచుండగా కళాశాల యంతయు నివ్వెరపోయి చూచెను. ఢాక్ అను పట్టు ఇతనికి మిక్కిలి వశము. ప్రత్యర్థి మెడను చంకలో బిగించి, నడుముమీదుగా త్రిప్పి నేలపై పడవేయుటయే ఆ పట్టు. దానికి బలముకంటె వేగము ముఖ్యము.

1948లో లండను నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ప్రయాణవ్యయమును కొల్హాపురపు మహారాజు భరించెను. ఎఱ్ఱమట్టిలో పెరిగిన ఖాషాబా అచట మొదటిసారిగా పరుపుమీద కుస్తీ పట్టవలసివచ్చెను. మట్టిలో కాలివ్రేళ్లు దిగబడి నిలుకడ నిచ్చును. పరుపుపై ఆ యాధారము లేదు. నియమములును వేఱు. కాలపరిమితి యున్నది. ఎవని వీపును నేల తాకనిచో, పైచేయి ఎవరిదో నిర్ణేతలు తేల్తురు. అమెరికా దేశమున పూర్వము పేరొందిన రీస్ గార్డ్నర్ అను మల్లుడు ఇతనికి కొంత శిక్షణ నిచ్చెను. ఖాషాబా ఆస్ట్రేలియా మల్లుని, అమెరికా మల్లుని ఓడించి, ఇరాను దేశీయుని చేతిలో ఓడెను. 52 కిలోగ్రాముల తరగతిలో అతనికి ఆఱవ స్థానము లభించెను. కొత్త విధానమునకు అలవాటుపడని యువకునకు అది చిన్న విజయము కాదు. కాని ఖాషాబా సంతసింపక, మఱునాలుగేండ్లు మఱింత కఠినముగా సాధన చేసెను. దేహమును పెంచి 57 కిలోగ్రాముల తరగతికి మాఱెను.

ఇక 1952వ సంవత్సరము వచ్చెను. హెల్సింకీ నగరమున క్రీడలు జరుగనుండెను. మన దేశపు మల్లులను ఎన్నుకొను సందర్భమున మద్రాసులో జరిగిన జాతీయపోటీలలో ఖాషాబాకు గెలిచినవానికంటె ఒక్క గుణము తక్కువ వచ్చినదని నిర్ణేతలు ప్రకటించిరి. అంతటితో అతని పేరు జాబితానుండి జాఱిపోయెను. తమవానికి చోటు దొరకవలెనని నిర్ణేతలు పక్షపాతము వహించి ఆ గుణమును తగ్గించిరని ఖాషాబా మొఱపెట్టుకొనెను. అతని ఫిర్యాదు గెలిచిన యువకునిపై కాదు, నిర్ణేతలపై. ఆ భేదమును గమనింపుడు. మట్టిలో నయినచో ఈ తగవే పుట్టెడిది కాదు. వీపు నేలకు తాకినదో లేదో చూచువారందఱు చెప్పగలరు. గుణములను లెక్కించు చోట మాత్రము నలుగురి కలము నాలుగేండ్ల చెమటను తుడిచివేయ గలదు.

అట్టి సమయమున యువకులు చేయు పనులు రెండు. నిరాశతో ఇల్లు చేరుట యొకటి. తోడివారిని కూడగట్టి రచ్చ కెక్కుట మఱియొకటి. ఖాషాబా ఈ రెంటిని చేయలేదు. భారత ఒలింపిక్ సంఘమునకు అప్పుడు అధ్యక్షుడు పటియాలా మహారాజు యాదవీంద్రసింగు. క్రీడలయం దభిమానము గలవాడు. ఖాషాబా ఆయనకు తన సంగతి విన్నవించి, తనకు చోటిమ్మని కాక, మఱియొకసారి కుస్తీ పట్టుట కవకాశ మిమ్మని వేడుకొనెను. మహారాజు ఆ కోరిక న్యాయమని తలంచి పరీక్షాపోటీని ఏర్పఱచెను. అందు ఖాషాబా ప్రత్యర్థిని చిత్తు చేసెను. నిర్ణేతలు లెక్కింపవలసిన దేమియు మిగులలేదు. హెల్సింకీకి పోవువారిలో అతని పేరు చేరెను.

ఒక చిక్కు విడువగా ఇంకొకటి ఎదురయ్యెను. పేరు చేరెను గాని పైకము లేదు. కొల్హాపుర సంస్థానము 1949లో బొంబాయి రాష్ట్రమున విలీనమైపోయినందున, పూర్వమువలె రాజాశ్రయము లేదు. ప్రభుత్వ సాహాయ్యమునకై చేసిన విన్నపము సకాలమున ఫలింపలేదు. అప్పుడు గోలేశ్వర్ చుట్టుపట్ల జనులు తలకొంత చందా వేసికొనిరి. స్నేహితులు ఇల్లిల్లు తిరిగి అడిగిరి. ఆ మొత్తము చాలలేదు. రాజారామ్ కళాశాల ప్రధానాచార్యుడు ఖర్డేకర్ తన నివాసగృహమును తాకట్టు పెట్టి ఏడువేల రూపాయలు తెచ్చి ఇచ్చెను. ఆ దినములలో ఏడువేలు సామాన్య ధనము కాదు. తమ శిష్యుడు పరీక్షలో నెగ్గునని నమ్ముట ఉపాధ్యాయులకు అలవాటే. ఆ నమ్మకముపై సొంత యింటిని తాకట్టు పెట్టినవారిని నా ముప్పదియేండ్ల ఉద్యోగమున ఇంకొకరిని నేను వినలేదు. పతకము రానిచో ఆ యప్పు తీఱు మార్గము ఎవ్వరికిని తెలియదు.

ఖాషాబా ఫిన్లండు చేరెను. దేశమందలి ప్రజల చూపు అప్పుడు హాకీజట్టుపైనే నిలిచియుండెను. అది వరుసగా ఐదవసారి స్వర్ణపతకము గెలుచుటకు పోయినది, గెలిచినది. ఒక పల్లెటూరి మల్లుని సంగతి పట్టించుకొనువారు అరుదు. ఖాషాబా కెనడా, మెక్సికో, జర్మనీ దేశముల మల్లులను ఓడించి కడపటి పోటీలకు చేరెను. అచట ఎదురైన ఇరువురును అసాధ్యులు: ఒకడు జపానుదేశపు షోహచీ ఇషీ, మఱియొకడు సోవియట్ దేశపు రషీద్ మమద్‌బెయొవ్. రెండు కుస్తీలకు నడుమ మల్లునకు అరగంట విశ్రాంతి నియ్యవలెనని అప్పుడు నియమ ముండెను. ఖాషాబాకు ఆ విశ్రాంతి లభింపలేదు. ఆ నియమమును జ్ఞాపకము చేసి వాదించుటకు మనవారిలో అధికారి యొక్కడును ఆ సమయమున అచట లేకపోయెను. అలసిన యొడలితోనే అతడు తిరిగి పరుపుపై నిలువవలసివచ్చెను. ఆ యిరువురి చేతను ఓడిపోయెను. ఇషీకి స్వర్ణపతకమును, మమద్‌బెయొవ్‌కు రజతపతకమును, ఖాషాబాకు కాంస్యపతకమును లభించెను. అది 1952 జూలై 23వ తేదీ.

తాలీంఖానాలో ప్రతిదినము పదిమంది తోడుండగా పెరిగిన యువకునకు, అత్యవసరమైన ఆ గడియలో ఒక్క తోడు లేకపోవుట ఎంత విచారకరము! అతనికి గోదాలో నేర్పినవారు, ధనమిచ్చినవారు, ఇల్లు తాకట్టు పెట్టినవారు అందఱును సముద్రముల కీవల నుండిరి.

1900లో పారిస్ నగరమున నార్మన్ ప్రిచర్డ్ అనునాతడు భారతదేశము పక్షమున పరుగుపందెములలో రెండు రజతపతకములు గెలిచెను. కాని స్వతంత్ర భారతమునకు ఒంటరి క్రీడలో పతకము తెచ్చిన మొదటివాడు ఖాషాబాయే.

అతడు తిరిగివచ్చు దినమున కరాడు రైలునిలయమువద్ద జనసముద్రము పొంగెను. గోలేశ్వర్ పల్లెనుండి నూటయేబదియొక్క ఎడ్లబండ్లు అలంకరించుకొని ఎదురువచ్చెను. డోళ్లు మ్రోగుచుండగా ఊరేగింపు కదలెను. మామూలుగా పావుగంటలో పోదగిన దారికి ఆనాడు ఏడు గంటలు పట్టెనట. చందా వేసికొన్న ప్రతివాడును ఆ పతకమున తన పాలు గలదని తలంచియుండును. ఆ తలంపు తప్పు కాదు.

వేడుకలు ముగియగానే ఖాషాబా చేసిన పని మీరు ముఖ్యముగా తెలిసికొనదగినది. అతడు కొల్హాపురమున కుస్తీపోటీల నేర్పాటు చేసి, తానును గోదాలో దిగెను. చూచుటకు వచ్చినవారు చెల్లించిన ధనమును, గెలుపులవలన వచ్చిన ధనమును కూడబెట్టి, ఖర్డేకర్ గారి యింటి తాకట్టును విడిపించెను. ఒలింపిక్ పతకము గెలిచినవాడు మరల మట్టిలో దిగుట చిన్నతనమని అతడు భావింపలేదు. ఆ పోటీలలో అతనికి ఎదురునిలిచినవారు కూడ ఆ ఋణవిమోచనమునకు తోడ్పడినవారే యగుదురు. ఎదుట నిలుచువాడు లేనిదే కుస్తీయే లేదు గదా!

1955లో ఖాషాబా పోలీసుశాఖలో సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరెను. 1956వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలకు సిద్ధమగుచుండగా మోకాలికి దెబ్బ తగిలినందున పోజాలకపోయెను. శాఖలో జరుగు పోటీలలో పెక్కింట గెలిచెను. తోడి ఉద్యోగులకు క్రీడాశిక్షణ నిచ్చెను. ఇరువదియేడు సంవత్సరములు కొలువు చేసెను. పదోన్నతి ఏండ్లతరబడి రాలేదు. కడపట అసిస్టెంటు కమీషనరుగా విరమించెను. విరమించిన పిమ్మట పింఛనుకై కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చెను. కుస్తీ సంఘములవారును అతనిని తలంచుట మానిరి. 1982లో ఢిల్లీ నగరమున ఆసియా క్రీడలు జరిగినప్పుడు జ్యోతిని మోసినవారిలో ఒకనిగా అతనిని పిలిచిరి. 1984 ఆగస్టు 14వ తేదీన కరాడు సమీపమున మోటారుసైకిలు ప్రమాదమున అతడు మరణించెను. అప్పటికి అతని వయస్సు ఏబదియెనిమిది యేండ్లు.

అతడు జీవించియుండగా ప్రభుత్వమువారి పెద్ద పురస్కార మేదియు అతనికి రాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వము ఛత్రపతి పురస్కారమును, కేంద్రప్రభుత్వము 2000వ సంవత్సరపు అర్జున పురస్కారమును అతని మరణానంతరమే ప్రకటించెను. అతని తరువాత ఒంటరి క్రీడలో మన దేశమునకు ఒలింపిక్ పతకము వచ్చుటకు నలువదినాలుగేండ్లు పట్టెను. 1996లో లియాండర్ పేస్ టెన్నిసు క్రీడలో కాంస్యమును గెలిచెను. కుస్తీలో రెండవ పతకము సుశీల్ కుమార్ తెచ్చునప్పటికి 2008వ సంవత్సరము వచ్చెను. మఱి రెండేండ్లకు ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగెను. ఆ క్రీడలలో కుస్తీపోటీలు నడచిన మందిరమునకు ఖాషాబా జాదవ్ పేరు పెట్టిరి.